శిలాతీరమున నొక దినము

విశాఖపట్టణ ప్రాంతమున నివసించువారికి సముద్రము పొరుగింటివంటిది. ప్రొద్దున లేచినది మొదలు దాని ఘోష మన చెవులలో నుండును. అయినను ఆ పొరుగును గూర్చి మనలో ననేకులకు తెలిసినది మిగుల స్వల్పము. సెలవుదినములలో బాలురు గుంపులుగా పోయి అలలలో దిగుదురు. వారిలో కొందఱు తిరిగి రాకపోవుటయు, ఆ వార్తను మఱునాడు పత్రికలలో చదువుటయు ఈ తీరమున క్రొత్త సంగతి కాదు. అట్టి వార్త వచ్చినప్పుడెల్ల తలిదండ్రులు పిల్లలను సముద్రపు దరికి పోవలదని శాసింతురు. ఆ శాసనము కొన్నాళ్లు నిలుచును. పిమ్మట సముద్రమే గెలుచును. నిషేధించుటకంటె నేర్పుట మేలని తలంచి, గత ఫిబ్రవరి మాసమున మేము పదునలుగురు విద్యార్థులతో గూడి, కయాకు లను చిన్నపడవలపై ఱాళ్ల తీరము వెంబడి సంచరించి, నీటిలో మొగముంచి దాని యడుగును చూచివచ్చితిమి. ఆనాడు తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

తలిదండ్రుల యనుమతి లేక యెవ్వరిని తీసికొని పోరాదని ముందుగనే నిర్ణయించితిమి. తక్కినవారందఱు సులభముగనే యొప్పుకొనిరి గాని, తొమ్మిదవ తరగతి బాలు డొకని తల్లి మాత్రము తానే పాఠశాలకు వచ్చినది. వారిది చేపలు పట్టి జీవించు కుటుంబము. "మాస్టారూ, వాడి నాన్న రోజూ సముద్రం మీదికి పోతాడు. తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. వీడైనా గట్టున బతకాలని మీ బడికి పంపాను. మీరే వాణ్ణి నీళ్లలోకి తీసుకుపోతామంటే ఎలాగండీ?" అని యామె యడిగెను. ప్రతివానికి లైఫ్ జాకెట్ ఉండుననియు, అనుభవజ్ఞులగు మార్గదర్శకులు ముగ్గురు వెంట నుందురనియు మేము చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే ఒక్క మాట. ఆ మనిషి తిరగమంటే తిరిగి రండి. పిల్లలు ఏడ్చినా సరే తిరిగి రండి" అనెను. అట్లే చేయుదుమని మాట యిచ్చితిమి.

మేము దిగిన చోటు భీమునిపట్టణమునకు పోవు తీరపు బాటలో మంగమారిపేట సమీపమున నున్నది. దారిలో ఋషికొండ యిసుకతీరము కనబడును. అది 2020వ సంవత్సరమున బ్లూ ఫ్లాగ్ గుర్తింపును పొందినది. అచ్చటినుండి ఉత్తరముగా సాగినకొలది ఇసుకయు ఱాళ్లును ఒకదాని పిమ్మట నొకటి వచ్చుచుండును. ఈ ప్రాంతపు శిలలలో విశేషముగా కనబడునది ఖొండలైటు. తూర్పుకనుమలలో నివసించు ఖోండు జనులనుబట్టి దానికి ఆ పేరు కలిగెను. పూర్వము నీటియడుగున పేరుకొన్న మన్నును ఇసుకయు భూగర్భమున తీవ్రమైన వేడికిని ఒత్తిడికిని లోనై, సుమారు 100 కోట్ల సంవత్సరములక్రిందట ఇట్టి ఱాయిగా మాఱెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 13వ శతాబ్దమున కోణార్కమునందలి సూర్యదేవాలయమును కట్టినది ఈ జాతి ఱాతితోనే.

బాటకు పడమట తొట్లకొండ యున్నది. ఱాతిలో తొలిచిన నీటితొట్లు దానిపై నుండుటచే ఆ పేరు వచ్చినది. 1988 మొదలు 1993 వఱకు జరిగిన త్రవ్వకములలో అచ్చట బౌద్ధవిహారము బయల్పడెను. రోము దేశపు వెండినాణెములును దొరికినవి. రెండువేల యేండ్లనాడే ఈ సముద్రము మనవారికి అడ్డుగోడ గాక దారిగా నుండెనని దీనివలన తెలియుచున్నది. బాటకు తూర్పున, నీటియంచున, ప్రకృతియే తొలిచిన శిలాతోరణ మొకటి గలదు. పాటువేళ నీరు తీసియున్నందున మేము మొదట నడచిపోయి దానిని చూచితిమి.

పిమ్మట ఇసుకపై మాకు పాఠము ప్రారంభమాయెను. ప్రధాన మార్గదర్శకుడు ముప్పదియేండ్లకు లోబడిన జాలరి యువకుడు. హైదరాబాదునందలి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమువారు ప్రతిదినమును ప్రకటించు అలల యెత్తును, గాలివేగమును అతడు ముందుగనే చూచుకొని వచ్చియుండెను. కయాకు మొదట మంచుదేశములందలి ఇన్యూట్ జనుల పడవ. కొట్టుకొనివచ్చిన కొయ్యతోను ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు చర్మమును బిగించి వారు దానిని చేసికొనెడివారు. మాకు దొరికినవి ప్లాస్టిక్కుతో పోసిన ఇద్దఱు కూర్చుండు పడవలు. అందు కూర్చుండు చోట చిల్లు లుండుట చూచి పిల్లలు వెఱగుపడిరి. మార్గదర్శకుడు నవ్వి, "మీ తాతలనాటి తెప్పను చూశారా? దుంగలు తాళ్లతో కట్టేవారు. అల పైకెక్కితే నీళ్లు సందుల్లోంచి దిగిపోయేవి. ఇదీ అంతే" అని చెప్పెను. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని మేము ఉపాధ్యాయ శిక్షణకళాశాలలో రెండేండ్లు నేర్చితిమి. ఆ సూత్రమును అతడు ఏ కళాశాలయు చూడకయే పాటించుచుండెను.

అతడు చెప్పిన రెండవ పాఠము మఱింత ముఖ్యమైనది. "ఈ నీళ్లలో స్నానానికి దిగాలంటే ఎక్కడ దిగుతారు?" అని పిల్లల నడిగెను. అలలు పెద్దవిగా విరుగుచున్న రెండు చోట్లనడుమ, అల విరుగక నీరు మెత్తగా కనబడు సందు నొకదానిని అందఱును చూపిరి. పైని జెప్పిన బాలుడు మాత్రము తల యడ్డముగా నూపెను. ఎందుచేతనని యడుగగా, "అది పోయే నీరు. మా నాన్న పడవ దించేది అక్కడే" అని మెల్లగా చెప్పెను. మార్గదర్శకుడు అతని భుజము తట్టి, మిగిలినవారికి దానిని విశదపఱచెను. అలలు గట్టునకు తెచ్చిన నీరు తిరిగి పోవలెను గదా. అది యొకచోట చేరి, ఇఱుకుదారిని లోనికి పరుగెత్తును. ఆ దారిలో అల విరుగదు. కావుననే అది శాంతముగా కనబడును. దాని వేగము ఒక్కొకప్పుడు మంచి యీతగానిని సైతము మించును. దానిలో చిక్కినవాడు గట్టునకు నెదురీది యలసిపోవుటచే మునుగునే గాని, ఆ ప్రవాహము మనుష్యుని క్రిందికి లాగదు. అందు చిక్కినచో బెదరక తేలియుండి, చేయెత్తి కేక వేయవలెను. ఈత వచ్చినవాడు గట్టునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, అలలు విరుగుచున్న చోటికి చేరి, వానితో గట్టునకు రావలెను. ఒకే నీరు తెలిసినవానికి పడవదారి, తెలియనివానికి ప్రాణాపాయము. మేము ఆనాడు విన్న మాటలన్నిటిలో దీనినే ముందుగా విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఎనిమిది పడవలలో పదునాఱుగురము కూర్చుంటిమి. ఆ బాలుడు మా పడవలో ముందువైపున నుండెను. రెండువైపుల రేకులుగల తెడ్డును చేతులతో గాక నడుముతో త్రిప్పవలెనని చెప్పిరి గాని, అది మా శరీరమునకు తెలియుటకు అరగంట పట్టెను. ఱాళ్లు అడ్డుగా నుండి, నీరు నిలుకడగానున్న యొక చిన్న మడుగువంటి చోట పడవల నాపి, మొగమునకు అద్దపు మాస్కును, నోటికి స్నార్కెల్ అను గొట్టమును తగిలించుకొని నీటిపై బోరగిల పడుకొంటిమి. లోతు రెండు మీటరులకు మించియుండదు.

ఆ గొట్టము జానెడుకంటె కొంచె మెక్కువ పొడవు గలది. రెండు మీటరుల గొట్టమున్నచో అడుగుననే కూర్చుండవచ్చును గదా యని యొక బాలిక ప్రశ్నించెను. ఒక మీటరు లోతున ప్రతి చదరపు మీటరుపైన సుమారు 1,000 కిలోగ్రాముల నీటిబరువు పడును. ఆ బరువు క్రింద రొమ్ము విప్పారి గాలి పీల్చుకొనజాలదు. మఱియు పొడుగు గొట్టములో మనము విడిచిన గాలియే నిలిచి, మరల లోనికి వచ్చును. కావున ఈ గొట్టము పైతట్టున తేలువానికి మాత్రమే పనికివచ్చును. అద్దముగుండా చూచునప్పుడు నీటిలోని వస్తువులు నిజముకంటె పెద్దవిగాను దగ్గఱగాను కనబడుననియు చెప్పితిమి. ఇది భౌతికశాస్త్రపు పుస్తకమున వక్రీభవన మను పాఠములో నున్నదే. చేయి చాచి ఱాతిని అందుకొనబోయి, అది అందకపోగా ఆ పాఠ మందఱికిని ఒక్కసారి బోధపడెను.

పైనుండి నల్లగా బోసిగా కనబడిన ఱాళ్లు లోపల నిండుకాపురము చేయుచుండెను. అలల తుంపర తగులు చోట సున్నపు బొడిపెలవంటి జీవులు అతుకుకొని యుండెను. వానికి క్రిందుగా పచ్చని యాల్చిప్పలు గుత్తులుగా నుండెను. ఇంకను దిగువ ఆకుపచ్చ, గోధుమరంగుల నాచు అల వచ్చినప్పు డొకవైపునకును, పోవునప్పు డొకవైపునకును వాలుచుండెను. నెఱ్ఱెలలో నల్లని ముండ్లబంతులవంటి జీవులు దాగియుండెను. ఒడలిపై అయిదు నల్లచారలు గల చిన్నచేపలు గుంపుగా వచ్చి మా వ్రేళ్లను పరీక్షించి పోయెను. దేనిని ముట్టరాదనియు, ఱాతిపై నిలువబడరాదనియు మాకు ఆజ్ఞ. ముండ్లు గ్రుచ్చుకొనుట యొక కారణము; మన పాదము క్రింద నొక కుటుంబము నలిగిపోవుట రెండవది. మొదట నీటిలో మొగ ముంచుటకే యేడ్చిన బాలిక పైకి రమ్మన్నప్పుడు వినిపించనట్లు నటించెను. ఆమెను బయటికి తెచ్చుట మాకు కష్టమాయెను.

అచ్చటినుండి ఇంకను ఉత్తరముగా పెద్ద నల్లఱాళ్ల గుంపున్నది. చేపలు అచ్చట మఱింత విరివిగా నుండునని విని పిల్లలు ఉత్సాహముతో తెడ్లు వేసిరి. పడవలు అవలీలగా పోవుచుండెను. ఈ కాలమున మన తీరము వెంబడి ప్రవాహము ఉత్తరముగా పోవును గావున అది మమ్ములను త్రోయుచుండెను. ఇంక రెండువందల మీటరులు మాత్రమే యుండగా మా ముందున్న బాలుడు తెడ్డు నాపి వెనుకకు తిరిగి చూచెను. మేమును చూచితిమి, మాకు విశేషమేమియు కనబడలేదు. "మాస్టారూ, గాలి వస్తోంది" అని అతడు దక్షిణమున దూరముగా నీటిపైనున్న నల్లని గీటును చూపి, మెడలోని యీలను ఊదెను. ప్రధాన మార్గదర్శకుడు తిరిగి చూచి, మాఱు మాటాడక తెడ్డు నిలువున నెత్తెను. మరలుడని దాని యర్థము.

ఎండ యెక్కినకొలది నేల సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలపైని గాలి తేలికయై లేవగా, సముద్రపు గాలి ఆ చోటికి వచ్చును. ఆనాడు అది అనుకొన్నదానికంటె ముందుగా వచ్చినది. పిల్లలు "రెండు వందల మీటర్లే గదా!" అని బతిమాలిరి. ఒకరిద్దఱు కన్నీరు పెట్టుకొనిరి. ఆ తల్లి "పిల్లలు ఏడ్చినా సరే" అని ముందుగనే యెట్లు చెప్పగలిగెనో మాకు అప్పుడు తెలిసినది. మేము మరలితిమి.

పోవునప్పుడు పావుగంట పట్టిన దారి వచ్చునప్పుడు నలువది నిమిషములు పట్టెను. గాలియు ప్రవాహమును రెండును ఎదురే. ఒక పడవలోని బాలికల చేతులు సోలిపోగా, మార్గదర్శకు డొకడు త్రాడు కట్టి వారిని లాగెను. ఎవ్వరును మాటాడలేదు, తెడ్ల చప్పుడు మాత్రము వినబడుచుండెను. గట్టు చేరి లెక్క చూచుకొంటిమి. పదునలుగురును ఉండిరి. అరగంట పిమ్మట మేము పోగోరిన నల్లఱాళ్లవైపు చూడగా, అచ్చట నలుపు కనబడలేదు. అంతయు తెల్లని నురుగే.

సాయంకాలము ఆ తల్లి పాఠశాల వాకిట వేచియుండెను. "తిరగమంటే తిరిగారా?" అని యొక్కమాటయే యడిగెను. "మొదట చూచినది మీ అబ్బాయే నమ్మా" అని చెప్పితిమి. ఆమె కొడుకువైపు చూచి, ఏమియు ననక, తడిసిన అతని తలను కొంగుతో తుడిచెను. ఆ చూపులో సంతోషమును కలదు, దిగులును కలదు. తండ్రివిద్య కొడుకునకు అబ్బినదని తెలిసినప్పుడు ఏ జాలరి తల్లికైనను ఆ రెండును కలుగును గాబోలు.

విద్యార్థులారా, సముద్రమును చూచి వెఱచి దూరముగా నుండువాడును, ఏమియు తెలియక దుముకువాడును ఒక్క తప్పుననే యున్నారు. ఇద్దఱికిని అది తెలియదు. మీ తరగతిలో మీ ప్రక్కనే కూర్చుండిన జాలరి పిల్లలకు తెలిసినది మన పుస్తకములలో కొంతయే యున్నది. వారి నడిగి తెలిసికొనుడు. నీటికి పోవునప్పుడు తెలిసినవాని వెంట పొండు. లైఫ్ జాకెట్ లేక పడవ యెక్కకుడు. పోవుదారి సులువుగా నున్నచో వచ్చుదారిని గూర్చి ముందుగా తలంచుడు. గమ్యము కన్నుల యెదుట నున్నప్పుడు మరలుట అన్నిటికంటె కష్టము. కాని ఆ నల్లఱాళ్లు రేపును అచ్చటనే యుండును. తలిదండ్రులారా, వచ్చు సంవత్సరము మరల పోవ నిశ్చయించితిమి. మీ పిల్లలను పంపుడు. తిరగవలసిన చోట తిరిగి వత్తుము.