సీటు మీద దస్తీ

కల్వకుర్తి బస్టాండులో అచ్చంపేట బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు లోపలికి పడతాయి. దస్తీ లేనివాళ్లు తువ్వాల వేస్తారు, అదీ లేకుంటే చేతిసంచి. మనిషి ఇంకా కిందనే ఉంటాడు, సీటు మాత్రం అతనిదైపోతుంది. ఇక్కడికి ఒకరు రావాలి అని చెప్పే గుర్తు ఆ దస్తీ. వచ్చినవాడు దాన్ని తీసి జేబులో పెట్టుకుని కూర్చుంటాడు. ఒక్కోసారి వేసినవాడు రాడు. బస్సు కదిలిపోతుంది. పక్కన నిలబడ్డ ముసలమ్మ కూడా ఆ దస్తీని తీయడానికి జంకుతుంది.

రోజూ చూసే ఈ సంగతి గురించి మేం ఆలోచించడం మొదలుపెట్టింది ఒక వీడియో గేమ్ వల్ల.

మేం చెంచులం. నల్లమల లోపలి పెంటలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, టీటీసీ చేసి, ఇప్పుడు కల్వకుర్తి వైపు పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. ఇరవై ఏళ్ల కింద మేం కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నెట్ సెంటర్లలో పిల్లలు గుంపులుగా కూర్చుని వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లు. బడి ఎగ్గొట్టి పోయినవాళ్లను చెవి పట్టుకుని లాక్కొచ్చిన రోజులున్నాయి. తెర మీద ఏముందో మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

అట్లా మేం లాక్కొచ్చిన వాళ్లలో ఒకడు ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. మొన్న దసరా సెలవుల్లో ఫోన్ అద్దం మార్పించుకుందామని అతని దుకాణానికి పోయాం. “కూసోండి సార్. ఆ రోజు మీరు నన్ను ఏడికెళ్లి గుంజుకొచ్చిండ్రో ఇయ్యాల చూపిస్త” అని పాత కంప్యూటర్ తెరిచాడు.

శాన్ ఆండ్రియాస్ 2004లో వచ్చిన ఆట. అందులో సీజే అనే యువకుడు, అతని పేట దగ్గర ఒక జిమ్ము. మావాడు సీజే వీపుకు గాలిలో ఎగిరే జెట్‌ప్యాక్ తగిలించి జిమ్ములోకి తీసుకుపోయాడు. తలుపు పక్క మూలలో నిలబెట్టి పైకి లేపాడు. పైకప్పు తగలాల్సిన చోట తగల్లేదు. సీజే బయటపడ్డాడు. బయట పేట లేదు, రోడ్డు లేదు, నేలే లేదు. అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ గదులు వేలాడుతున్నాయి.

“ఇవన్నీ ఊళ్లె ఉన్న దుకాణాల లోపలి గదులు సార్. తలుపు దాటంగనే మనల్ని ఎత్తి ఈడ ఏస్తది. మనకు తెల్వనే తెల్వది.”

అప్పటి యంత్రాలకు జ్ఞాపకశక్తి తక్కువ. ఊరంతా, ప్రతి ఇంటి లోపలి సామానంతా ఒకేసారి మోయలేవు. అందుకని గదులను ఊరికి దూరంగా, ఆకాశంలో ఎవరూ ఎగరని ఎత్తులో పెట్టారు. వాటి గోడలకు లోపలి వైపే బొమ్మ ఉంటుంది. బయటి నుంచి చూస్తే గోడ ఉన్నట్టే కనబడదు.

ఇట్లాంటి చోట్లు చాలా ఆటల్లో ఉన్నాయని మావాడు చెప్పాడు. తర్వాత మేమూ చదివి తెలుసుకున్నాం. వందలమంది ఏళ్ల తరబడి కట్టే ఇల్లు లాంటిది ఆట. బొమ్మలు వేసేవాళ్లు ఇల్లు గీసి ఇచ్చేలోపు ఆ జాగాలో ఒక బూడిదరంగు డబ్బా పెడతారు. దాని చుట్టూ నడక, వెలుగు, తలుపు సరిచూసుకుంటారు. ఇల్లు వచ్చాక డబ్బా తీసేస్తారు. దాన్ని వాళ్లు ప్లేస్‌హోల్డర్ అంటారు. మన భాషలో దస్తీయే. ఒక్కోసారి ఇల్లు రాదు, డబ్బా ఉండిపోతుంది. లేదా ఒక చోటు మొత్తం కట్టాక వద్దనుకుంటారు. కూలగొడితే దానికి ఆనుకున్న ఇంకోటి కూలుతుందేమోనని చోటును వదిలేసి దారి మూసేస్తారు.

2001లో వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో మూడో ఆటలో కొండల వెనక ఒక చిన్న వీధి ఉంది. ఆట మొదట్లో చూపించే బ్యాంకు దోపిడీ సినిమా కోసం వేసిన సెట్టింగు అది. కురచ రెక్కల విమానాన్ని కష్టం మీద ఎగరేసి పిల్లలు అక్కడిదాకా పోయారు. 1997లో వచ్చిన గోల్డెన్ ఐ అనే ఆటలో ఒక ఆనకట్ట ఉంది. తుపాకీ అద్దంలోంచి చూస్తే నీళ్లకు అవతల ఒక దీవి కనిపిస్తుంది. అక్కడికి పడవలో పోయే పని ఒకటి పెడదామనుకుని వదిలేశారు, దీవి మాత్రం మిగిలింది. ఏళ్ల తరబడి పిల్లలు ఆ దీవిని చూస్తూ అక్కడేముందో అని కథలు అల్లుకున్నారు.

అన్నిటికన్నా మా మనసుకు పట్టింది పోకెమాన్ డైమండ్, పెర్ల్ ఆటల సంగతి. అవి 2006లో జపానులో వచ్చాయి. వాటిలో ఒక పూలతోట పూర్తిగా తయారై ఉంది. దాని దారి తెరుచుకోవాలంటే ఆటగాడి చేతికి ఒక ఉత్తరం రావాలి. ఆ ఉత్తరాన్ని కంపెనీ తర్వాత వచ్చిన ప్లాటినం ఆటకు పంచింది గానీ ఈ రెంటికీ ఎన్నడూ పంచలేదు. పిల్లలు ఊరుకున్నారా? ఒక తలుపు దగ్గర లోపం పట్టుకుని నల్లటి శూన్యంలోకి జారుకున్నారు. ఎడమకు ఇన్ని అడుగులు, కిందికి ఇన్ని అడుగులు అని కాగితం మీద లెక్క రాసుకుని, కంటికి ఏమీ కనపడని ఆ చీకట్లో నడిచి తోట చేరారు. లెక్క తప్పినవాళ్లు చీకట్లోనే ఇరుక్కుపోయారు.

శనివారం చివరి పీరియడులో ఇదంతా తొమ్మిదో తరగతికి చెప్పాం. లెక్కల పాఠానికి ఎన్నడూ లేవని చేతులు ఆ రోజు లేచాయి. గంట కొట్టబోతుండగా వెనక బెంచీలో ఒక చెంచు పిల్లవాడు లేచి అడిగాడు:

“సార్, ఆటల వద్దనుకున్న జాగను తీసెయ్యకుంట దాచిపెడ్తరు గద. మా పెంటను లేపినంక దాన్ని తీసేస్తరా, దాచిపెడ్తరా?”

వాడి పెంట టైగర్ రిజర్వు కోర్ ఏరియాలో ఉంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అయిన ఈ అడవి, రాష్ట్రం విడిపోయాక మన వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. లోపలి పెంటలను బయటికి తరలించే మాట చాలా ఏళ్లుగా నడుస్తున్నది. పోదామనేవాళ్లూ ఉన్నారు, పోమనేవాళ్లూ ఉన్నారు. వాడి ఇంట్లో రోజూ ఇదే ముచ్చట. గంట కొట్టారు. మేం జవాబు చెప్పకుండానే పిల్లల్ని పంపేశాం.

ఆ రాత్రి మా పెంట గుర్తుకొచ్చింది. మా చిన్నప్పుడు అక్కడ బడి కడతామని వచ్చి ముగ్గు పోశారు. నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. మేకలు ఆ రాళ్లెక్కి ఆడేవి, మేమూ ఆడేవాళ్లం. ఏడేళ్లకే మమ్మల్ని అమ్మ దగ్గర నుంచి తీసుకుపోయి దూరాన ఆశ్రమ పాఠశాలలో వేశారు. పెద్దయ్యాక తెలిసింది, కాగితాల్లో మా పెంటకు బడి ఉందట. ఉన్నచోట ఇంకోటి ఇవ్వరట. ఆ నాలుగు రాళ్లు మా సీటు మీద ఎవరో వేసిన దస్తీ. వేసినవాళ్లు రాలేదు, మమ్మల్నీ కూర్చోనియ్యలేదు.

ఆటలోని ఖాళీ చోట్లకూ మన చోట్లకూ తేడా అక్కడే ఉంది. బూడిదరంగు డబ్బాలో ఎవరూ కాపురం ఉండరు. గోడకు అవతలి వైపు లేకపోయినా ఎవరికీ చలి పెట్టదు. మనుషులను తీసుకుపోయి సగం కట్టిన కాలనీలో దింపితే మాత్రం ఆ సగంలో ఉండేది పసిపిల్లలు, ముసలివాళ్లు.

సోమవారం వాడికి రెండు జవాబులు చెప్పాం. మొదటిది నీళ్ల గురించి. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగాయి. జటప్రోలు గుళ్లను విప్పి వేరే చోట కట్టారు. సంగమేశ్వరం గుడి నీళ్లలోనే ఉండిపోయింది. ఎండాకాలం నీళ్లు దిగితే అది బయటపడుతుంది, జనం పోయి మొక్కుతారు, మళ్లీ నీళ్లు వస్తే మునుగుతుంది. మన కల్వకుర్తి పేరు పెట్టుకున్న ఎత్తిపోతల పథకం ఆ జలాశయం నీళ్లనే తోడిపోస్తుంది. “చోటును ఎవరూ పూర్తిగా తీసెయ్యలేరురా. దారి తెలిసినవాళ్లు ఉన్నన్నాళ్లు అది ఉంటది” అన్నాం.

రెండోది చట్టం గురించి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి. గ్రామసభ అన్నీ తెలుసుకుని, ఇష్టపడి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చెప్పిన భూమి, సౌకర్యాలు కొత్త చోట పూర్తి కానిదే ఎవర్నీ కదపకూడదు. అంటే దస్తీ వేసిన సీటు చూపించి మనిషిని లేపొద్దని చట్టంలోనే ఉంది. ఈ మాట పెంటలో చదవగలిగిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ తెలియాలి. గ్రామసభలో సంతకమో వేలిముద్రో అడిగినప్పుడు ఆ కాగితంలో ఏముందో పెద్దలకు చదివి వినిపించాల్సింది వాళ్లే.

ఇంకో సంగతి కూడా చెప్పాం. 1980లో వచ్చిన అడ్వెంచర్ అనే అటారీ ఆటను వారెన్ రాబినెట్ ఒక్కడే తయారుచేశాడు. ఆ రోజుల్లో కంపెనీ ఆట చేసినవాళ్ల పేర్లు వేసేది కాదు. అతను ఎవరికీ చెప్పకుండా ఆట లోపల ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు రాసుకున్నాడు. ఆ గదికి తాళంచెవి కంటికి ఆనీ ఆనని ఒక చుక్క. ఆట ఆడిన ఒక పిల్లవాడు ఆ గదిని కనిపెట్టి ఉత్తరం రాసేదాకా కంపెనీకే తెలియదు. పేరు రాసుకోవడానికి ఎవరూ చోటివ్వనప్పుడు అతను చోటు కట్టుకున్నాడు.

తర్వాత తెల్ల డ్రాయింగు షీట్లు పంచి, ఎవరి ఊరు వాళ్లు గీయమన్నాం. పాఠ్యపుస్తకంలోని పటం చూడొద్దన్నాం, అందులో పెంటలూ తండాలూ ఉండవు. గుడిసె నుంచి ఊటకు ఎన్ని అడుగులో, ఏ చెట్టు దగ్గర మళ్లాలో, తేనెపట్లుండే కొండచరియ ఏదో, తాతలను పాతిపెట్టిన చోటు ఏదో పేర్లతో రాయమన్నాం. తండా పిల్లలు తండాలు గీశారు. టీచర్లెవరైనా ఈ పని చేయించవచ్చు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, రెండు పీరియడ్లు చాలు.

ఆ పిల్లవాడి షీటులో ముప్పైకి పైగా పేర్లున్నాయి. సగం మాకే తెలియవు. కింద మూలకు తన పేరు, వాళ్ల తాత పేరు రాసుకున్నాడు. పడమటి వైపు మాత్రం పెద్ద చోటు ఖాళీగా వదిలి, చుట్టూ చుక్కల గీత గీశాడు.

“ఇదెందుకు ఇడిసిపెట్టినవురా?”

“ఆ పక్క మా తాతకే ఎరుక సార్. సంక్రాంతికి పోయి అడిగొచ్చి నింపుత.”

ఆ షీటు తరగతి గోడ మీద ఉంది. చుక్కల గీత లోపల ఎవర్నీ ఏమీ రాయనివ్వలేదు.