ఇస్పేటు రాణి

2024లో ఉత్తమ గేమ్ అవార్డు 'ఆస్ట్రో బాట్'కి వచ్చింది. మా బాబుతో కలిసి ఆడాను, బావుంది. కానీ నన్ను నిద్రపోనివ్వనిది 'బలాట్రో'. అసలు పేరు చెప్పుకోని ఓ కెనడా మనిషి చేసిన గేమ్. జతలు, వరుసలు కట్టి పాయింట్లు పెంచుకోవాలి. 150 జోకర్లు, ఒక్కోటీ ఒక్కోలా లెక్క మార్చేస్తుంది. పైసా పందెం లేదు. అయినా అమ్మ కంటబడకుండానే ఆడేవాణ్ణి. నాన్న పేకాటలో రెండెకరాలు పోయాక మా ఇంట్లో ముక్క కనిపిస్తే ఒట్టు.

ఓ రాత్రి అమ్మ వెనకే నిలబడి ఉంది.

"డబ్బులేం పెట్టలేదు కదరా?"

"లేదమ్మా, ఉత్త ఆటే."

కాసేపు చూసింది. "అయితే ఆ ఇస్పేటు రాణిని పడెయ్యకు, వరుస కలుస్తుంది" అంది.