మామ్మకి నెగెటివ్, నాన్నకి పాజిటివ్

మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అంటే నాకు నాలుగు గళ్ల పట్టిక, అంతే. రికార్డులో గీసి సంతకం పెట్టించుకుంటే పనైపోతుంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ గళ్లలో మా ఇంట్లో వాళ్లే కనిపించారు.

మాది కోనసీమ వైపు ఓ పల్లె. మా మామ్మకి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బోదకాలు. ఒకరోజు రాత్రి పది దాటాక రక్తం తీయడానికి ఆరోగ్య సిబ్బంది వచ్చారు. "పగలంతా ఏం చేశారండీ, ఈ వేళప్పుడా?" అని నాన్న విసుక్కున్నారు. మా వీధిలో కొందరు తలుపే తీయలేదు. మేం నలుగురం మాత్రం వేళ్లు చాపాం.

కొన్ని రోజులకి రిజల్ట్ వచ్చింది. మామ్మకి నెగెటివ్, నాన్నకి పాజిటివ్!

"ఈ కాలు చూసి కూడా నాకు లేదంటారేంట్రా?" అంది మామ్మ. "రాయిలా ఉన్నాను, నాకేంటి?" అన్నారు నాన్న. స్లైడ్లు మారిపోయాయనుకున్నాను నేను.

మారలేదు. ఏఎన్ఎం గారు చెప్పాక, నేను కూర్చుని చదివాక అర్థమైంది. ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాల్లో ఉంటాయి. వాటి పిల్లలు పగలు లోపల దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రివేళకి పైరక్తంలోకి వస్తాయి. అందుకే రాత్రి స్లైడ్. మామ్మ కాలు ఎప్పుడో జరిగిన నష్టం, ఇప్పుడు రక్తంలో ఏమీ దొరక్కపోవచ్చు. నాన్నకి వాపు లేదు, కానీ ఆయన్ని కుట్టిన దోమ ఇంకొకరికి అంటించగలదు.

మరి పగలు చేసే టెస్టే లేదా? ఉంది, స్ట్రిప్. పెద్ద పురుగు వదిలే యాంటిజెన్‌ని పట్టుకుంటుంది, పది నిమిషాల్లో చూడాలి. నిద్ర చెడదు, మైక్రోస్కోప్ అక్కర్లేదు. అయితే మాత్రలు వేసుకున్నాక పిల్లపురుగులు పోయినా, పెద్ద పురుగు బతికుంటే స్ట్రిప్ ఇంకా పాజిటివే చూపిస్తుంది. అంటే స్ట్రిప్‌ని అడగాల్సింది "పురుగు ఉందా?" అని, స్లైడ్‌ని అడగాల్సింది "ఇప్పుడు దోమకి అందేలా ఉందా?" అని. మామ్మ అడిగింది ఈ రెండూ కాదు, "నా కాలు తగ్గుతుందా?" అని. దానికి ఏ టెస్టూ జవాబు చెప్పదు. రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, కాలు ఎత్తు మీద పెట్టుకోమన్నారు.

ఇప్పటిదాకా నేను 'ఏ మోడల్ బెస్ట్' అనే అడిగేవాడిని. దేనికి బెస్ట్ అని ఎప్పుడూ అడగలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఊళ్లో పంచే ఫైలేరియా మాత్రలు మా ఇంట్లో కిటికీలోనే ఉండిపోయేవి. "వాచినవాళ్లకి కదా" అనుకునేవాళ్లం. నాన్న పన్నెండు రోజుల కోర్సు పూర్తి చేశారు, పక్కింటివాళ్లకి చెప్పొద్దన్నారు. తర్వాత మళ్లీ మాత్రలు ఇచ్చినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. అన్నం తిని, ఆశా అక్క ఎదురుగానే మింగాను.