ముల్తాను మట్టి

ఉత్తర హిందూస్థానమున ముఖమునకు పూసికొను లేత పసుపువన్నె మట్టికి ముల్తానీ మట్టి యని పేరు. చినాబు నదీప్రాంతమందలి ఆ ప్రాచీన నగరము 1947లో పాకిస్తానున చేరినది. అచ్చటి హిందూ కుటుంబములు పెక్కు ఢిల్లీకి తరలివచ్చినవి. అట్లు బాల్యమున వచ్చి నేడు వృద్ధురాలైన యొకామె, తల్లి నేర్పిన పనిని నేటికిని విడువలేదు. మట్టిగడ్డను రాత్రి నీట నానవేయును. తెల్లవారునప్పటికి అది వెన్నవలె మెత్తబడును. వేసవిలో పన్నీరు, చలికాలమున పాలమీగడ చేర్చును. మట్టి జిడ్డును పీల్చును గనుక, పూర్తిగా ఎండి చర్మమును బిగింపక మునుపే కడుగవలెనని మనుమరాలిని హెచ్చరించును. పెండ్లికూతురికైనచో సెనగపిండి, పసుపు, ఆవనూనె కలిపి నలుగు సిద్ధపరచును. కొలతలు కాగితముపై లేవు, వ్రేళ్ళకే తెలియును.

నేడు ఢిల్లీ అంగళ్ళలో దొరకు ఈ మట్టిని రాజస్థానమందలి బార్మేరు వంటి తావులలో త్రవ్వుదురు. “ఇది మీ ఊరి మట్టి కాదు గదా, నాయనమ్మా?” యని మనుమరాలు అడిగినది. ఆమె తడిమట్టిని వాసన చూచి, “పేరు మా ఊరిదే గదా, తల్లీ” యనినది.

ఊరు సరిహద్దున కావల నిలిచినది. పేరు ఇచ్చటి గిన్నెలలో నానుచున్నది. మనుమరాలి వ్రేళ్ళు ఆ కొలతలు నేర్వనిచో, ఆ పేరు పొట్లముపై అచ్చుగా మాత్రమే మిగులును.