మెహందీ దడి

మా ఇళ్ళను మీరు రెండింటితో గుర్తుపడతారు. దర్వాజాకు వేలాడే గోనెపట్టా పరదా ఒకటి. వాకిలి చుట్టూ మనిషెత్తు దడి ఒకటి. మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అడ్రసు అడిగితే "ఆ దడి ఉన్న తురకోళ్ళ ఇల్లు" అని చెప్పేవాళ్ళు. నిజానికి మా గల్లీలో దడి లేని ఇల్లే లేదు. బర్రెలు రాకుండా ఒకరు, కోళ్ళు పోకుండా ఒకరు, బీరతీగ పాకించడానికి ఒకరు కట్టుకున్నారు. వాళ్ళు కడితే దడి. మేం కడితే పర్దా. తాటికమ్మ అదే, గుంజ అదే.

మా గురించి రాసిన చాలామంది ఆ దడి బయట నిలబడే రాశారు. లోపలంతా చీకటి అనుకున్నారు. కొందరు జాలి కూడా పడ్డారు. లోపల ఉన్నది మా దాదీమా, అమ్మీ, ఇద్దరు అక్కలు, రెండు మేకలు, ఒక వేపచెట్టు, మూడు రాళ్ళ పొయ్యి. దడి సంగతి దడి కట్టినోళ్ళం మేం చెప్తాం.

మాది ఒకప్పటి నల్గొండ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినంక సూర్యాపేట కిందికి పోయింది. అబ్బాది బస్టాండు దగ్గర సైకిల్ రిపేరు దుకాణం. ఎండాకాలం బడులు బందైన రోజు నుంచి మాకు దడి పని. మృగశిర వానలు పడకముందే అయిపోవాలి. గుంజలకు చెరువుకట్ట కింద సర్కారు తుమ్మ నరుక్కొచ్చేవాళ్ళం. గుంజ కింది భాగం మూరన్నర దాకా మంటలో పెట్టి బొగ్గయ్యేటట్టు కాల్చేవాళ్ళం. దాని మీద లారీ షెడ్డు నుంచి తెచ్చిన నల్ల ఇంజనాయిలు పూసేవాళ్ళం. అట్లా చేస్తే చెదలు తొందరగా ముట్టవు. బారకొక గుంట. అబ్బా గడ్డపారతో తవ్వుతుంటే భయ్యా మట్టి తోడేవాడు. గుంజ నిలబెట్టి, చుట్టూ రాళ్ళు దిగ్గొట్టి, మట్టి పోసి తొక్కాలి. అడ్డంగా మూడు వరసల వెదురు బద్దలు. తాటికమ్మలు కల్లుగీసే మామ కొట్టి పడేసేవాడు. పైసలు తీసుకునేవాడు కాదు, సైకిలుకు పంచరైతే మాత్రం నేరుగా మా దుకాణానికే తెచ్చేవాడు.

కమ్మల మీద రాత్రంతా నీళ్ళు చల్లి తడి గోనెసంచులు కప్పాలి. ఎండు కమ్మను వంచితే విరుగుతుంది. తడి కమ్మ మాట వింటుంది. ఇక కుట్టడానికి ఇద్దరు కావాలి, దడికి ఇటు ఒకరు, అటు ఒకరు. ఇటునుంచి తాడు దూరిస్తే అవతలివాడు అందుకుని, బిగించి, మళ్ళీ ఇటు పంపాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అవతల ఎప్పుడూ పక్కింటి సాలోళ్ళ మామ ఉండేవాడు. మగ్గం దిగి వచ్చి కూచునేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా రోజంతా ముచ్చట పెట్టేవాళ్ళు. ఒకరి చూపు ఇంకొకరి ఇంట్లో పడకుండా చేసే పనిని ఇద్దరూ కలిసి చేస్తున్నారని మాకు ఆనాడు తట్టలేదు.

సర్కారు తుమ్మ గురించి ఒక మాట. ఆ చెట్టు ఈ నేలది కాదు. 1870లలో అమెరికా ఖండం నుంచి తెచ్చి నాటారు. ఇవాళ అది లేని చెరువుకట్ట లేదు. దాని పుట్టిల్లు ఎక్కడని ఎవరూ అడగలేదు. పైగా 'సర్కారు' అని ఇంటిపేరు పెట్టుకున్నారు. మా ముత్తాతల ముత్తాతలు ఇక్కడి కులాల్లోంచే కలిమా చదివినవాళ్ళు. మేం ఏ దేశం నుంచీ రాలేదు. అయినా కాగితాలు చూపించమనేది మమ్మల్ని. పాకిస్తాన్ పొమ్మనేది మమ్మల్ని.

మాటల సంగతీ అంతే. రెండు భాషల మధ్య పత్రిక పని చేసే మాకు ఇది రోజూ తగులుతూనే ఉంటుంది. జాగా కొలిచి 'హద్దు' అంటారు, అది ఉర్దూ నుంచి వచ్చిందే. 'సరిహద్దు' అదే. 'పునాది' మా బునియాద్. 'దర్వాజా', 'దస్తావేజు', ఆఖరికి 'జమీను'. ఇంటికి గోడ పెట్టాలంటే మా మాటలు లేకుండా పని నడవదు. మాటలకు ఇల్లు కిరాయికి ఇచ్చారు. మాకు హైదరాబాదులో ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే ఉండేది.

దడి ఎత్తు దగ్గర ఏటా పేచీయే. అబ్బా సైకిలెక్కి గల్లీలో చక్కర్ కొట్టి చూసేవాడు. సైకిలు మీదున్నవాడికి లోపలి మనిషి కనబడొద్దు. ఎడ్లబండి మీద నిలబడితే కనబడేది. దానికీ గుబులే. "బండాయన నిలబడి పోతడా ఎక్కడన్నా" అని అమ్మీ నవ్వేది. కొన్నాళ్ళకు ఎదురుగా మేడ లేచింది. అబ్బా మేడ వంక చూసి, దడి వంక చూసి, ఇంకో జానెడు కమ్మ పెంచాడు.

దాదీమా ఖురాన్‌ను అర్థంతో చదివిన మనిషి. అక్కలు వాకిట్లో నవ్వితే అబ్బా గదమాయించేవాడు. ఒకరోజు దాదీమా అడిగింది: "సూరా నూర్‌లో చూపు దించుకొమ్మని అల్లా ముందుగాల చెప్పింది మగోళ్ళకు. ఆడోళ్ళ ముచ్చట ఆ తర్వాతి ఆయత్‌ల ఉన్నది. నువ్వు రెండోదానికి దడి కడుతున్నవ్ బేటా. మొదటిదానికి ఏం కడుతవ్?" అబ్బా జవాబు చెప్పలేదు. తాడు బిగించుకుంటూ పోయాడు. పెద్దక్క చదువు ఏడో తరగతితో ఆ దడి లోపలే ఆగిపోయింది. ఇది ఇంట్లోవాళ్ళం ఇంట్లో మాట్లాడుకోవలసిన సంగతి, బయటపెడితే మా మీద రాళ్ళేసేవాళ్ళకు ఇంకో రాయి అందించినట్టని మాలో చాలామంది అంటారు. నిజమే కావచ్చు. కానీ అక్క ఊసెత్తకుండా దడి గురించి రాయలేం.

దడి దాచింది ఆడవాళ్ళనొక్కటే కాదు. అమ్మీ చీరలకు వేసిన అతుకులను దాచింది. పొయ్యి వెలగని పూటలను దాచింది. పాయిఖానా లేని ఇంట్లో పొద్దుగూకేదాకా ఆపుకున్న ఆడవాళ్ళ బాధను దాచింది. పర్దా అంటే ఖాందానీ అని మేం గొప్పగా చెప్పుకుంటాం. మా దడి వెనుక ఖాందానీ ఎంతో, గరీబీ ఎంతో మాకే తెలుసు.

సాలోళ్ళ ఇంటివైపు దడిలో ఒక కంత ఉండేది. మోకాలెత్తున, వంగితే మనిషి దూరేటంత. ఏటా కొత్త దడి కట్టినా అక్కడ కమ్మ కుట్టనిచ్చేది కాదు దాదీమా. పోలీస్ యాక్షన్ నాటి కంత అది. 1948 సెప్టెంబరు. ఊరిమీద పడుతున్నారని కబురొచ్చిన రాత్రి దాదీమా సంకలో బిడ్డతో దడి చీల్చుకుని పక్కింట్లో పడింది. ఆ ఇంటి తాత ఆమెను మగ్గం గుంటలో కూచోబెట్టి, పైన నూలు కప్పి, మూడు రాత్రులు కాపాడాడు. సంకలో బిడ్డ మా అబ్బా. ఆ గడబిడల్లో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ రిపోర్టును ఏళ్ళ తరబడి బయటికి రానివ్వలేదు. మా ఇంట్లో రిపోర్టు లేదు. కంత ఉంది.

ఆ కంతలోంచి ఉప్పు పోయేది, చింతపండు వచ్చేది. ఈద్‌కు షీర్‌ఖుర్మా గిన్నె అటు పోతే, సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది ఇటు వచ్చేది. ఖాళీ గిన్నె తిరిగి పంపడం రెండిళ్ళలోనూ లేదు. అత్త గాజుల చెయ్యి కంతలోంచి కనబడితే చాలు, మేం ఉరికేవాళ్ళం.

1992 డిసెంబరు 6, ఆదివారం. రాత్రి అబ్బా బీబీసీ ఉర్దూ విని రేడియో కట్టేశాడు. అన్నం ముట్టలేదు. మాకప్పుడు పన్నెండేళ్ళు. అయోధ్య ఎక్కడుందో మాకు తెలియదు. ఆ రాత్రి అబ్బా, భయ్యా సర్కారు తుమ్మ కంప తెచ్చి కంతకు అడ్డం కుక్కారు. దాదీమా చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఉండుంటే ఆ కంప మీద పడుకునేది.

మాకు ఎవరూ ఏమీ చెయ్యలేదు. పక్కింటివాళ్ళు ఒక్క మాటా అనలేదు. అత్త చెయ్యి మాత్రం మళ్ళీ కనబడలేదు. కంప చూసి మనసు కష్టపెట్టుకున్నారని అమ్మీ నెలల తరబడి కుమిలింది. ఎదురుపడితే ఏం చెప్పాలో కూడా తయారుచేసుకుని పెట్టుకుంది: మేకలు దూరుతున్నయ్ వదినా, అని.

ఎండాకాలం వచ్చింది. దడి విప్పాం. కమ్మలు పీకి మా తుమ్మ కంప లాగితే దాని వెనక ఇంకో కంప ఉంది. రేగు కంప. అది మాది కాదు. అటువైపు నుంచి కుక్కింది. రెండూ ఒకే తీరుగా ఎండి, ముళ్ళు ముళ్ళల్లో చిక్కుకుని ఊడి రాలేదు. అవతల తాడు అందుకోవడానికి మామ వచ్చి కూచున్నాడు. ఆయనా చూశాడు, అబ్బా చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరూ కలిసి దాన్ని నరికి పొయ్యిలోకి పంచుకున్నారు. సాయంత్రానికి దడి పూర్తయింది. కంత పెట్టాలని మాత్రం ఇద్దరిలో ఏ ఒక్కరూ అనలేదు.

ఆ కంపను మేం చాలాసార్లు రాయబోయి ఆగిపోయాం. వాళ్ళను చూసి మాకు భయమని రాయడం సులువు. మమ్మల్ని చూసి కూడా భయపడ్డారన్న సంగతి ఎట్లా రాయాలి? సాయంత్రం పొయ్యి వెలగని ఇంటిని చూసి ఎవరైనా భయపడతారా? ఎవరు చెప్పారు వాళ్ళకు?

ఆ తర్వాతి సంగతులు గబగబా జరిగిపోయాయి. అబ్బా పోయాడు. మామ పోయాడు, మగ్గం పోయింది. ఆయన కొడుకు భివండీ వెళ్ళి ఇరవై ఏళ్ళు పవర్‌లూముల మీద పనిచేసి వచ్చాడు. మాకు బావ వరస. మాకంటే బాగా ఉర్దూ మాట్లాడతాడు. వాళ్ళ మేడ మీద ఒక జెండా, మా మేడ మీద ఒక జెండా. మనం పలకరించుకున్నా, అవి పలకరించుకోవు.

రెండేళ్ళ కింద అన్నదమ్ములం డబ్బులు పోగేసి కాంపౌండు గోడ పెడదామనుకున్నాం. ఏడడుగులు, పైన గాజుపెంకులు. ఒప్పుకోవాలి, గాజుపెంకుల ఆలోచన మాదే. సామరస్యం మీద ఎడిటోరియళ్ళు రాసిన చేత్తోనే లెక్క కాగితం మీద పెంకుల ఖర్చు వేశాం. ఊరేగింపు డీజే ఇంటి ముందు ఆగి, పాట మార్చి, కదలకుండా అక్కడే నిలబడ్డ రాత్రిని చూసినవాళ్ళకు మా లెక్క అర్థమవుతుంది.

బావ తానే వచ్చాడు. "గోడ పెడుతున్నరట గద. మన నడిమి గోడకు సగం ఖర్చు నేనిస్త" అన్నాడు. మంచిమాటే. మేం అనుకున్నదే. అయినా ఆయన అంత సులువుగా అన్నందుకు గొంతులో ఏదో అడ్డం పడింది.

అమ్మీ మంచం మీదనుంచి లేచి కూచుంది. "తీన్ తరఫ్ జో చాహే కర్లేవ్. ఇదర్ నక్కో" అంది. మూడు దిక్కుల మీ ఇష్టం, ఈ దిక్కు మాత్రం వద్దని. ఈ దిక్కు మెహందీ పెడతానంది. భయ్యాకు కోపమొచ్చింది. "ఆకుచెట్టు రాయిని ఆపుతదా అమ్మీ?" అన్నాడు. "రాయి ఆ ఇంటినుంచి ఎప్పుడన్నా వచ్చిందా?" అంది. రాలేదు. వచ్చింది కంపే, మా కంప పోయిన రోజుల్లోనే.

మూడు దిక్కులా గోడ లేచింది. మేస్త్రీ లోపలే నిలబడి సిమెంటు ఇటుకలు పేర్చుకుంటూ పోయాడు. అవతల ఎవరి అవసరమూ పడలేదు. నాలుగో దిక్కున దర్గా దగ్గరి చెట్టు నుంచి పెన్సిలంత కొమ్మలు తెచ్చి, జానెడు ఎడంతో రెండు వరసలు, ఒకదాని సందులో ఒకటి వచ్చేటట్టు నాటాం. ముసురు పట్టిన వారంలో నాటితే చాలావరకు బతికాయి. మెహందీ నెమ్మదిగా పెరుగుతుంది. కొసలు కత్తిరిస్తుంటే గుబురు కడుతుంది. ముదిరితే కొమ్మలకు ముళ్ళొస్తాయి, చేగాటంత వాడివి. పూసినప్పుడు వాసన రెండిళ్ళకూ పోతుంది.

ఇప్పుడది నడుమెత్తు వచ్చింది. ఈద్‌కు మా కోడళ్ళు ఇటువైపు ఆకు కోశారు. ఆషాఢంలో బావ కోడలు, ఆమె చెల్లెళ్ళు అటువైపు కోశారు, అడగకుండానే. వాళ్ళకది గోరింటాకు. ఎంత కోశారంటే అటు కొమ్మలు బోడిగా మిగిలాయి. మంచం మీద కూచుంటే వాళ్ళ వాకిలి, దండెం మీది బట్టలు, గచ్చు మీద ముగ్గు అన్నీ కనబడుతున్నాయి. మేం కూడా వాళ్ళకు కనబడుతూనే ఉంటాం.

భయ్యా రోజూ చూసి గొణుగుతున్నాడు. వానలు ఆగకముందే ఇంకో వరస నాటాలంటున్నాడు. అమ్మీ వినబడనట్టు పడుకుంది.