సూర్యుడికి మీటరు

మా ఊరు సూర్యలంక. బాపట్ల నుంచి సముద్రం వైపు సుమారు 9 కిలోమీటర్లు. సెలవు రోజుల్లో జనం సముద్రస్నానానికి వస్తారు. మాకు మాత్రం ఎండ రోజూ ఉచితమే. ఊరి పేరులో సూర్యుణ్ణి పెట్టుకుని, కరెంటు బిల్లు చూసి కళ్ళు తేలవేసే ఇల్లు మాది.

రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, నీళ్ళ మోటారు, అమ్మ కుట్టుమిషను. ఇంతే మా వైభోగం! కాని వాడకం పెరిగేకొద్దీ యూనిటు ధరా పెరుగుతుంది. వేసవి బిల్లు వచ్చిన రోజున నాన్న సగం అన్నంలో లేచేవారు.

2024 ఫిబ్రవరిలో ‘పి.ఎం. సూర్యఘర్’ పథకం వచ్చింది. రెండు కిలోవాట్లకు 60,000 రూపాయల రాయితీ. మిగతా సొమ్ము నా పైచదువుకని దాచిన దాంట్లోంచి తీయాలి. నాన్న రెండు రోజులు ఆలోచించి, “బ్యాటరీ కూడా పెట్టిస్తే పోలేదట్రా?” అన్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆనాటి చీకటి ఆయన మరిచిపోలేదు.

వద్దన్నది నేనే. బ్యాటరీకి ఖర్చెక్కువ, కొన్నేళ్ళకు మళ్ళీ మార్చాలి. పలకల్లో పుట్టిన డి.సి. కరెంటును ఇన్వర్టరు ఏ.సి.గా మారుస్తుంది. మనం వాడగా మిగిలింది వీధి లైనులోకి పోతుంది, రాత్రికి కావలసింది లైనులోంచి వస్తుంది. నెట్ మీటరు రెండూ లెక్కకడుతుంది. “ఊరి లైనే మన బ్యాటరీ నాన్నా!” అని ఉపన్యాసం దంచాను. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు, చెబితే ఒప్పుకోరని.

డాబా మీద పలకలు దక్షిణముఖంగా కూర్చున్నాయి. మంచి ఎండలో రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా వచ్చేవి. బిల్లు మూడోవంతుకు దిగింది. ఉప్పుగాలికి పలకలు మసకేస్తాయని నాన్న పొద్దున్నే మంచినీళ్ళతో తుడిచేవారు, ఎద్దును కడిగినంత శ్రద్ధగా.

ఓ రాత్రి గాలివానకు స్తంభాలు ఒరిగాయి. మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది. కరెంటు మాత్రం రాలేదు. నాయనమ్మ విసనకర్ర ఊపుకుంటూ, “ఎండ కాస్తోందిగదరా అబ్బాయ్, మన ఫ్యాను తిరగదేం?” అంది.

దాచిన మాట అప్పుడు చెప్పక తప్పలేదు. లైనులో కరెంటు పోతే ఇన్వర్టరూ ఆగిపోతుంది. ఆగేట్టే చేస్తారు. నాన్న ఒక్క మాటా అనలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం మా ఇంటి ముందు స్తంభమెక్కాడో లైన్‌మన్. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నాన్న గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. “మన పెట్టె ఆగకపోతే, మన కరెంటు ఆ తీగెలోకి పోయేదా?” అన్నారు.

“పోయేది నాన్నా. ఆయనకు ప్రమాదం.”

“మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా? నేను కాదంటానా?”

ఆయన చెంబుతో మజ్జిగ తీసుకుని స్తంభం దగ్గరకు వెళ్ళారు. నేను తలవంచుకుని వెనకే నడిచాను.

మిత్రులారా, మీ ఇంట్లోనూ ఇది పెట్టించండి, లాభమే. కాని పెద్దవాళ్ళకు లాభంతోపాటు లోపం కూడా చెప్పండి. కాలేజీలో చదివినందుకు మనం వాళ్ళకు చెల్లించవలసిన బిల్లు అది. దానికి రాయితీ లేదు.