నూడుల్స్ అంగడి నాయన

'కుంగ్ ఫూ పాండా' సినిమాలో పో అనే పాండాను పెంచిన నాయన మీకు గుర్తున్నాడా? పెద్దబాతు. నూడుల్స్ అంగడి నడుపుతుంటాడు. కొడుకు కుంగ్ ఫూ గురించి కలలు కంటుంటే, ఈయనకు సూప్ గురించే ధ్యాస. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ ఆ సినిమాను ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఇంగ్లీషులో ఆ బాతుకు గొంతు ఇచ్చింది ఎవరో మాత్రం పోయిన సెలవుల్లోనే తెలిసింది. ఆయన పేరు జేమ్స్ హాంగ్.

చైనీస్ కుటుంబంలో, 1929లో, అమెరికాలోని మినియాపొలిస్‌లో పుట్టారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, లాస్ ఏంజెలెస్‌లో రోడ్ల పనులు చూసే ఉద్యోగం చేశారు. 1954లో గ్రౌచో మార్క్స్ టీవీ కార్యక్రమానికి వెళ్ళి, పేరున్న నటుల గొంతులు అనుకరించి అందరినీ నవ్వించారు. తర్వాత ఉద్యోగం వదిలి నటన పట్టుకున్నారు. 1956లో అమెరికాలో విడుదలైన గాడ్జిల్లా సినిమాలో జపాన్ నటులకు ఇంగ్లీషు డబ్బింగ్ చెప్పారు.

కానీ తెర మీద ఆయనకు వచ్చినవి ఎక్కువగా చిన్న వేషాలే. 'చైనాటౌన్' (1974)లో ఇంటి పనివాడు. 'సైన్‌ఫెల్డ్' (1991)లో హోటల్లో కస్టమర్లకు టేబుల్ ఇవ్వకుండా కాచుకోబెట్టే మనిషి. అమెరికాలో పుట్టిన మనిషి, ఇంగ్లీషు రానివాడిలా యాస పెట్టి మాట్లాడాలి. అది చదివినప్పుడు నాకు నా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది.

మా ఇంట్లో నాయనతో తెలుగు, అమ్మతో తమిళం. నేను పుట్టి పెరిగింది కోయంబత్తూరులో. నా తమిళంలో వంక పెట్టడానికేమీ లేదు. అయినా స్కూలు ఆండు విళాలో నాకిచ్చిన వేషం, తమిళం సరిగ్గా రాని తెలుగు వడ్డీవ్యాపారి. "ఇంకా వంకరగా మాట్లాడు, అప్పుడే నవ్వుతారు" అన్నారు. వంకర ఎక్కడినుంచి తేవాలి? మా అవ్వ దగ్గరినుంచి తెచ్చాను. ఆమె కూరగాయలబండి దగ్గర తమిళం ఎట్లా మాట్లాడుతుందో అచ్చం అట్లనే మాట్లాడాను. హాలంతా ఒకటే నవ్వు. బహుమతి కూడా వచ్చింది.

అవ్వ మూడో వరుసలో కూర్చుని చూసింది. ఇంటికి వచ్చి, అన్నం పెడుతూ ఒక్క మాట అడిగింది.

"నేను అట్లనా మాట్లాడేది?"

నేను బదులు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

జేమ్స్ హాంగ్ ఏం చేశారో అందుకే వెతికి చదివాను. వచ్చిన వేషాలు వద్దనలేదు. సినిమాలు, టీవీ అన్నీ కలిపి ఆరు వందలకు పైనే చేశారు. కానీ 1965లో మాకో అనే నటుడితో, ఇంకొందరితో కలిసి లాస్ ఏంజెలెస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సంస్థ పెట్టారు. ఏషియా మూలాలున్న నటులు పనివాళ్ళుగానే కాకుండా, ఏ పాత్రైనా వేయగలిగే చోటు అది. ఒక చేత్తో పొట్టకూటి వేషం, ఇంకో చేత్తో సొంత వేదిక. మొదట ఈ రెండూ ఎట్లా కుదురుతాయో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

2023లో 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' నటులందరికీ కలిపి అవార్డు వచ్చినప్పుడు ఆయనకు 94 ఏళ్ళు. ఆ వేదిక మీద కూడా, తెల్లవాళ్ళే చైనావాళ్ళ వేషాలు వేసిన 'ద గుడ్ ఎర్త్' రోజుల్ని గుర్తు చేశారు. నవ్విస్తూనే చెప్పారు, మరిచిపోకుండా చెప్పారు.

నూడుల్స్ అంగడి నాయన కూడా పైకి నవ్వించే పాత్రే. కానీ రెండో భాగంలో, నువ్వు నేను కన్న బిడ్డవు కాదని కొడుకుతో చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ గొంతు విని ఎవరికీ నవ్వు రాదు.

ఈసారి మన శాఖ వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయానికి పేరు ఇచ్చాను. పాత్ర మా అవ్వే. ఆమె తెలుగు, అందులో కలిసిన తమిళం, ఏదీ వంకర చేయకుండా మాట్లాడాలి. ఆమెను ముందు వరుసలో కూర్చోబెడతాను. అయిపోయాక ఆమె ఏం అడిగినా, ఈసారి బదులు చెప్తాను.